రాములవారి బిళ్ళ, అమ్మమ్మ కాణీ

రండి రండి, కాళ్ళు చాపుకుని కూర్చోండి. డికాక్షన్ దిగేలోపు మీకో సంగతి చెప్పాలి. చెప్పుకోవాలంటే కాస్త నామోషీగానే ఉంది గానీ, మనలో మనకి దాపరికాలేమిటి! పోయినేడాది శ్రీరామనవమి ముందు నేను పదిహేను వందలు పోసి ఒక పాత రాగి నాణెం కొన్నాను. ఫోన్లోనే, మంచం మీద పడుకుని, రాత్రి పదకొండింటికి. ఆ వేళప్పుడు కొన్న వస్తువేదైనా తెల్లారేసరికి మొహం మొత్తుతుందని మా చెల్లెలు ఎప్పుడూ అంటూనే ఉంటుంది. విన్నానా!

ఫొటో చూస్తే మీరైనా ఆగేవారు కాదు. ఒకవైపు సీతారామలక్ష్మణులు, పాదాల దగ్గర ఆంజనేయస్వామి. రెండోవైపు ఇంగ్లీషులో "ఈస్ట్ ఇండియా కంపెనీ", "యూకేఎల్ వన్ అణా", కింద 1818. అమ్మేవాడు రాసుకున్న ముక్కలు వేరే: "రెండు వందల ఏళ్ళ నాటి అరుదైన నాణెం. తాతగారి పొలం దున్నుతుంటే దొరికింది. ఒక్కటే ఉంది, త్వరపడండి." త్వరపడ్డాను.

నన్ను పట్టుకున్నది ఆ 1818 కాదండీ, రాములవారు. మనం భద్రాచలం కథ వింటూ పెరిగినవాళ్ళం. రామదాసు చెరసాలలో ఉంటే రాముడూ లక్ష్మణుడూ రామోజీ, లక్ష్మోజీ అని పేర్లు పెట్టుకుని వచ్చి, తానీషా ముందు ఆరు లక్షల రామమాడలు గుమ్మరించారన్న కథ మా అమ్మమ్మ ఎన్నిసార్లు చెప్పిందో! రాముడి బొమ్మ ఉన్న నాణెం అనగానే ఆ కుప్పలోంచి ఒకటి దొర్లి మా ఇంటికి వస్తున్నట్టే అనిపించింది. ఒక్కటి మాత్రం మర్చిపోయాను. ఆ కథలో రాములవారంతటివారే డబ్బు కట్టి రశీదు పుచ్చుకుని మరీ వెళ్ళారు. నేను బిల్లు కూడా అడగలేదు.

బిళ్ళ వచ్చింది. బరువుగా, అరచేతి మధ్య నిండుగా ఉంది. దేవుడి గూట్లో పెట్టి, కుంకుమ బొట్టు పెట్టి, ఫొటో తీసి చెల్లెలికి పంపాను. అది హైదరాబాదులో స్కూల్లో సోషల్ చెబుతుంది. రెండు నిమిషాల్లో ఫోను.

"అక్కా, 1818లో కంపెనీ దొరలకి రాములవారి మీద అంత భక్తి ఎక్కణ్ణించి పుట్టుకొచ్చిందే?"

నాకు ఒళ్ళు మండింది. వాదించాను. తర్వాత తెలిసిందేమిటంటే ఆ వాదనలో నేను సగం గెలిచాను. కంపెనీవాళ్ళు మద్రాసులో మన దేవుళ్ళని నాణేల మీద వేయకపోలేదు. మూడు స్వాముల వరాహ అని ఉండేది, విష్ణుమూర్తి, అటూ ఇటూ దేవేరులు. మన జనం ఆ బొమ్మకి అలవాటు పడ్డారు కాబట్టి కంపెనీ కూడా అదే కొట్టించింది, వ్యాపారం కదా. అయితే అవి బంగారం, బొటనవేలి గోరంత ఉంటాయి. వాటి మీద అణా అనీ ఉండదు, ఇంగ్లీషులో సంవత్సరమూ ఉండదు. అందుకని "కంపెనీ నాణెం మీద దేవుడు ఉండనే ఉండడు, అదొక్కటీ చాలు నకిలీ అనడానికి" అని ఎవరైనా చెబితే అదీ పూర్తి నిజం కాదు. నా బిళ్ళ దేవుడి దగ్గర కాదు, అణా దగ్గర దొరికిపోయింది.

ఎలాగంటారా? 1835 దాకా కంపెనీకి దేశమంతటికీ ఒకే నాణెం లేదు. బెంగాలుది బెంగాలుకే, బొంబాయిది బొంబాయికే, మద్రాసుది మద్రాసుకే. మన వైపు కాసులూ, డబ్బులూ, రూకలూ నడిచేవి. 1835లో చట్టం చేసి అన్నిటికీ ఒకే పద్ధతి పెట్టారు. ఆ పద్ధతిలో రాగితో కొట్టినవి అర్ధణా, పావు అణా, ఇంకా చిన్నవి. అణా మాత్రం రాగిలో కొట్టలేదు. అణాబిళ్ళ అని మన పెద్దవాళ్ళు చెప్పేది 1907లో వచ్చింది, అదీ నికెల్ కలిపిన తెల్లటి బిళ్ళ, అంచు వంకీలు వంకీలుగా ఉంటుంది. అంటే నా చేతిలో ఉన్నది ఏ కాలంలోనూ సంతలో నడిచిన నాణెం కాదు. అసలంటూ ఉంటేనే కదా నకిలీ! దీనికి అసలే లేదు.

అవే బిళ్ళలు 1616తో, 1717తో కూడా అమ్ముతున్నారని చెల్లెలే చూపించింది. చేసేవాడికి జంట అంకెలంటే మహా ప్రీతి కాబోలు. 1616 సంగతి మన బందరు వాళ్ళని అడిగినా చెబుతారు. ఇంగ్లీషు కంపెనీ ఓడ 'గ్లోబ్' మచిలీపట్నం చేరింది 1611లో. అప్పటికి వాళ్ళు గోలకొండ సుల్తాను రాజ్యంలో అద్దకపు బట్టలూ అవీ బేరమాడుకునే వర్తకులు. మద్రాసులో కోట కట్టుకోవడానికే 1639, 40 దాకా పట్టింది. సొంత టంకశాలే లేనివాళ్ళు 1616లో అణాలు కొట్టారట!

ఇక్కడొక మాట చెప్పాలి. ఇలాంటి దేవుడి బిళ్ళలు చేయడం తప్పేం కాదు. రామటంకాలని పేరు, పూజలో పెట్టుకోవడానికీ, దాచుకోవడానికీ చాలాకాలంగా చేస్తున్నారు. గుడి ముందు యాభై రూపాయలకి అమ్మితే ఎవరికీ పేచీ లేదు. దాని వెనక కంపెనీ పేరు చెక్కి, పొలంలో దొరికిందని చెప్పి అమ్మడమే మోసం.

చెల్లెలు చెప్పినదంతా విన్నాక నాకు పంతం వచ్చింది. చదువుకున్నవాళ్ళు ఏదో ఒకటి అంటారు, వస్తువు ఏమంటుందో చూద్దామని అమ్మమ్మ కాణీ బయటికి తీశాను. మా అమ్మమ్మ తాంబూలం పెట్టెలో ఉండేది, తర్వాత అమ్మ దగ్గరికి, అక్కణ్ణించి నా దగ్గరికి వచ్చింది. అది 1835 నాటి పావు అణా. రూపాయిలో అరవై నాలుగో వంతు, అదే కాణీ. ఒకవైపు రెండు సింహాలు జెండాలు పట్టుకుని నిలబడ్డ కంపెనీ చిహ్నం, కింద సంవత్సరం. రెండోవైపు ఆకుల దండ మధ్యలో ఇంగ్లీషులో పావు అణా అనీ, కింద ఫార్సీ అక్షరాలూ. ఈ రెండిటినీ చీరకొంగున ముడివేసుకుని మా వీధి చివర బంగారప్పని చేసే ఆచారి గారి దగ్గరికి వెళ్ళాను.

ఆయన దగ్గరికే ఎందుకంటే తూకం కోసం. మన వంటింటి తూకం పిండికీ పంచదారకీ పనికొస్తుంది గానీ నాణేనికి కాదు. గ్రాములో నూరో వంతు చూపించేది కావాలి. అమ్మమ్మ కాణీ పెడితే 6.21 వచ్చింది. ఆచారి గారికి పాత లెక్కలన్నీ నోటికి వచ్చు. "తులం అంటే రూపాయి ఎత్తు, నూటఎనభై గ్రెయిన్లు. కాణీ నూరు గ్రెయిన్లు ఉండాలమ్మా" అన్నారు. నూరు గ్రెయిన్లంటే 6.48 గ్రాములు. నాది పావు గ్రాము పైన తక్కువ. నా మొహం వాడిపోవడం చూసి నవ్వారు. "ఎన్ని చేతులు మారిందో! అరగదూ? తక్కువుంటే అరుగుదల అనుకోవచ్చు. ఎక్కువుంటే మాత్రం అనుమానించాలి. నాణెం వయసుతో పాటు లావెక్కదు కదా, మనలాగా."

మీ ఇంట్లో కాణీ ఏదైనా ఉండి అది అయిదు గ్రాములు కూడా తూగకపోతే కంగారుపడకండి. 1906 నుంచి రాగి మానేసి కంచులో కొట్టారు, బరువు 75 గ్రెయిన్లకి తగ్గించారు. అంటే 4.86 గ్రాములు. ఆ తర్వాత వచ్చిన ఎడ్వర్డు, జార్జి బొమ్మలవి అలాగే ఉంటాయి. ఏ ఏడాది నాణేనికి ఆ ఏడాది బరువే చూడాలి.

రాములవారి బిళ్ళ 11.40 తూగింది. దీన్ని దేనితో పోల్చను? అసలే లేదన్నాను కదా. అప్పుడు ఆచారి గారు నీళ్ళ లెక్క వేశారు. ఇది మాత్రం జాగ్రత్తగా వినండి, ఇంట్లోనే చేసుకోవచ్చు. గాజు గ్లాసులో నీళ్ళు పోసి తూకం మీద పెట్టి, అంకె సున్నా చేసేయాలి. నాణేనికి సన్నటి కుట్టుదారం కట్టి నీళ్ళలో పూర్తిగా మునిగేలా వేలాడదీయాలి. అడుక్కీ తగలకూడదు, గోడకీ తగలకూడదు. ఒంటికి అంటుకున్న గాలిబుడగలు పోయేలా ఒకసారి అటూ ఇటూ ఆడించాలి. అప్పుడు తూకం మీద ఒక చిన్న అంకె కనిపిస్తుంది. నాణెం పక్కకి తోసిన నీళ్ళ బరువు అది. నాణెం బరువుని ఆ అంకెతో భాగిస్తే లోహం గుట్టు బయటపడుతుంది. రాగి అయితే తొమ్మిదికి రవ్వంత తక్కువ, 8.96 రావాలి. ఇత్తడి అయితే ఎనిమిదిన్నరకి అటూ ఇటూ.

దారం నేనే పట్టుకున్నాను. చెయ్యి వణుకుతుంటే అంకెలు గెంతుతున్నాయి. చివరికి ఆచారి గారు ఒక పుల్ల అడ్డం పెట్టి దానికి వేలాడదీశారు. కాణీకి 0.70 వచ్చింది. 6.21ని 0.70తో భాగిస్తే 8.87. రాగే. ఆ కొంచెం తేడా తూకానిదీ, బుడగలదీ. రాములవారి బిళ్ళకి 1.36. లెక్క 8.38 తేలింది. ఆయన ఏమీ మాట్లాడకుండా నా వైపు చూశారు. "గీయమంటారా?" అన్నారు. గీయమన్నాను. ఆకురాయితో అంచు మీద ఒక్కసారి గీశారు. పైన ఎర్రగా ఉంది, లోపల పచ్చగా మెరిసింది. ఇత్తడికి రాగి పూత. అమ్మమ్మ కాణీని మాత్రం గీయనివ్వలేదు. మీరూ గీయించకండి. అసలైన నాణేనికి ఆకురాయి తగిలితే ఆ గాటు ఇక పోదు, గాటున్నదాన్ని కొనేవాడూ ఉండడు.

ఫ్రిజ్ మీద అతికించే అయస్కాంతంతో చూడమని చాలామంది చెబుతారు. నేను ముందే చూశాను. రాములవారి బిళ్ళ అంటుకోలేదు, సంతోషించాను. ఇత్తడి కూడా అంటుకోదని అప్పుడు గుర్తుకు రాలేదు! అంటుకుంటే అది రాగి నాణెం కాదని చెప్పొచ్చు, అంతవరకే.

ఇంతకీ మా చెల్లెలు నన్ను అన్ని మాటలు అందా, మూడు నెలలు తిరక్కుండానే తనూ ఒకటి కొంది. క్లాసులో పిల్లలకి చూపిద్దామని 1835 నాటి అర్ధణా, ఏడు వందలు. దసరా సెలవలకి వచ్చినప్పుడు పర్సులోంచి తీసి నా చేతిలో పెట్టి, "ఇది అసలుదే, దేవుడు లేడు చూడు" అంది. మళ్ళీ ఆచారి గారింటికే వెళ్ళాం. అర్ధణా రెండు వందల గ్రెయిన్లు, అంటే దాదాపు 13 గ్రాములు ఉండాలి. ఇది 10.90. నీళ్ళ లెక్కలో మాత్రం 8.79 వచ్చింది. చెల్లెలు ఎగిరి గంతేసింది, "రాగే, రాగే!" అని.

ఆచారి గారు కంటికి పెట్టుకునే భూతద్దం దాని చేతికిచ్చారు. "లోహం చూశారు సరే, పని చూడండమ్మా" అన్నారు.

చూశాం. ఇది నేను ఎన్నిసార్లయినా చెబుతాను, ఎందుకంటే కొనేవాళ్ళలో ఎక్కువమంది చూడనిది ఇదే. టంకశాలలో నాణెం కొట్టేటప్పుడు రెండు ఉక్కు అచ్చుల మధ్య బిళ్ళని పెట్టి బలంగా నొక్కుతారు. లోహం అచ్చు గుంటల్లోకి ఉరుకుతుంది. అందుకే అక్షరాల అంచులు కత్తిరించినట్టు నిలువుగా లేస్తాయి, మధ్య నేల నున్నగా ఉంటుంది. చెల్లెలి అర్ధణాలో అక్షరాలు నేలలోంచి లేచినట్టు లేవు, సబ్బు మీద చెక్కి రెండు రోజులు వాడినట్టున్నాయి. నేల మీద సూదిమొన అంత గుంటలు, గుండ్రంగా. కరిగిన లోహం మూసలో పోసినప్పుడు గాలి చిక్కుకుని పేలిన బుడగలవి. అంచు తిప్పి చూస్తే నడుము చుట్టూ సన్నటి గీత, ఎవరో ఆకురాయితో రుద్ది మాపబోయిన గీత. మూస రెండు ముక్కలు కలిసిన చోటది. ఒక అసలు నాణెం మీద మట్టి అచ్చు తీసి పోతపోశారన్నమాట. పోతపోసిన లోహం చల్లారితే కుంచించుకుపోతుంది, అందుకే చుట్టుకొలత కూడా రవ్వంత తగ్గింది.

"అరిగిపోయి కూడా అలా ఉండొచ్చుగా?" అంది చెల్లెలు. టీచరు కదా, ఊరికే ఒప్పుకోదు. మంచి ప్రశ్నే. దానికి జవాబు అమ్మమ్మ కాణీ చెప్పింది. రెండూ పక్కపక్కన పెట్టి చూశాం. చేతులు మారి అరిగిన నాణెంలో ముందు పోయేవి ఎత్తు భాగాలు. మా కాణీలో సింహాల జూలు నున్నబడిపోయింది. కానీ సింహం కాళ్ళ మధ్య, అక్షరాల మూలల్లో, వేళ్ళు చేరని సందుల్లో గీతలు ఇంకా పదునుగానే ఉన్నాయి. చెల్లెలి దాంట్లో ఎత్తూ పల్లమూ ఒకేలా మసకబారాయి. పైగా ఆ సింహం సింహంలా లేదు, మా వీధి చివర పడుకునే కుక్కలా ఉంది. చెల్లెలు భూతద్దం దించి, "ఏడు వందలు పోయినా ఒక పాఠం అయితే వచ్చింది, ఇదే తీసుకెళ్ళి పిల్లలకి చూపిస్తా" అంది. నిజంగానే చూపించింది. అసలు దానికన్నా దీనికే పిల్లలు ఎగబడ్డారట.

ఒక సంగతి గమనించారా? నా బిళ్ళ పోత పరీక్షలో నెగ్గింది, ఎందుకంటే అది మిషన్లో కొట్టిందే, లోహంలో ఓడింది. చెల్లెలిది లోహంలో నెగ్గి, బరువులో, పనితనంలో ఓడింది. ఒక్క పరీక్ష పెట్టుకుని కూర్చుంటే ఇద్దరం ఇంకా మురిసిపోతూ ఉండేవాళ్ళం.

ఇప్పుడు చింతపండు సంగతి. ఇది వింటే నాణేలు పోగుచేసేవాళ్ళు గుండెలు బాదుకుంటారు. మా అమ్మ ప్రతి శ్రావణమాసం వరలక్ష్మీవ్రతానికి ఈ కాణీని కలశంలో వేసేది. కలశంలో వేసేది మాసిపోయి ఉంటే ఎలా? రాగిచెంబుతో పాటు దీన్నీ చింతపండు, ఉప్పు వేసి పరపరా తోమేది. ఏడాదికోసారి, ముప్ఫై నలభై ఏళ్ళు! ఆ పావు గ్రాములో అమ్మ చేతి వాటా ఎంతో తేల్చలేను. పాత రాగి మీద దశాబ్దాలుగా పేరుకునే గోధుమరంగు పొర మురికి కాదు, దాని చర్మం. అది పోతే నాణెం గులాబీరంగులో కొత్తపెళ్ళికూతురిలా మెరుస్తుంది, విలువ మాత్రం పడిపోతుంది. చింతపండు, నిమ్మకాయ, పీతాంబరి పొడి, టూత్‌పేస్టు, వీటిలో ఏదీ దగ్గరికి రానివ్వకండి.

ఆ పొరని కూడా దొంగగా పూస్తున్నారు. కొత్త బిళ్ళని మందునీళ్ళలో ముంచి నల్లబరుస్తారు, సందుల్లో ఆకుపచ్చ రంగు దిద్దుతారు. గోళ్ళరంగు తుడిచే అసిటోన్ దూదికి అద్ది నా రాములవారి బిళ్ళని ఒక మూల తుడిచాను. దూది మీదికి బూటుపాలిష్‌లాగా గోధుమరంగు వచ్చేసింది. అదే అమ్మమ్మ కాణీ సందుల్లో మిగిలిన పాత పొర మీద తుడిస్తే దూది తెల్లగానే ఉంది. అసిటోన్ రాగిని ఏమీ చేయదు, పైన పూసిన రంగునీ జిడ్డునీ మాత్రం లాగేస్తుంది. కిటికీ తీసి పెట్టుకోండి, పొయ్యి దగ్గర మాత్రం చేయకండి, భగ్గుమంటుంది.

అన్నిటికీ ఇదే కొలబద్ద అనుకుంటే ఇంకో పొరపాటు చేస్తాం. మా అత్తగారిది పాలమూరు వైపు. ఆవిడ దగ్గర నైజాం కాలపు పాత ముద్ద పైసలు నాలుగు ఉన్నాయి. గుండ్రంగా ఉండవు, బెల్లమ్ముక్క తుంచినట్టు తలో రకంగా ఉంటాయి. అవి మిషన్ రాకముందు సుత్తితో చేత్తో కొట్టినవి. బిళ్ళ కన్నా అచ్చు పెద్దది కాబట్టి రాతలో సగం ముక్కే పడుతుంది, మిగతాది బయటికి పోతుంది. అలాంటి వాటిలో వంకర తప్పు కాదు. వంకర లేకుండా చక్కగా గుండ్రంగా ఉండి, రాత మొత్తం మధ్యలో పొందిగ్గా ఇమిడి ఉంటేనే ఆగి ఆలోచించాలి. కంపెనీ 1835 నాణెం అడ్డదిడ్డంగా ఉంటే అనుమానం, నైజాం ముద్ద పైస మరీ అందంగా ఉంటే అనుమానం.

ఈ గొడవంతా విని లండన్‌లో ఉన్న మా మేనకోడలు నవ్వుకుని, నాకోసమని అక్కడ ఒక నాణేల దుకాణంలో రాగి బిళ్ళ కొంది, బిల్లుతో సహా. వీడియో కాల్‌లో చూపించింది. ఒకవైపు కంపెనీ చిహ్నం, 1808. రెండోవైపు ఫార్సీ రాత, కింద ఇరవై కాసులని రోమన్ అంకెల్లో. దాని కథ వింటే ఒళ్ళు ఝల్లుమంది. అది మన మద్రాసు రాజధాని కోసం ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ దగ్గర సోహో టంకశాలలో, మాథ్యూ బౌల్టన్ పెట్టిన ఆవిరి యంత్రాల మీద కొట్టిన కాసు. 'అడ్మిరల్ గార్డ్‌నర్' అనే ఓడలో పీపాలకి ఎత్తి పంపారు. 1809 జనవరిలో ఆ ఓడ ఇంగ్లండు తీరం దాటకుండానే గుడ్విన్ శాండ్స్ ఇసుకదిబ్బల మీద తుఫానులో చిక్కి మునిగిపోయింది. 1980ల్లో గజ ఈతగాళ్ళు దిగి ఆ కాసులు లక్షల్లో పైకి తెచ్చారు. మద్రాసు చేరాల్సిన డబ్బు నూటడెబ్బై ఏళ్ళకి పైగా సముద్రంలో నానింది!

డబ్బు అని ఊరికే అనలేదు. అప్పట్లో డబ్బంటే ఒక రాగి నాణెం పేరు. ఇరవై కాసులు ఒక డబ్బు. ఇప్పుడు మనం నోట్లనీ, ఫోన్లో నొక్కి పంపేదాన్నీ కూడా డబ్బంటున్నాం గానీ, మేనకోడలి చేతిలో ఉన్నదే ఒకప్పటి అసలు డబ్బు.

నేను ఊరుకుంటానా? "గుంటలున్నాయే దాని మీద, పోతదేమో చూడు!" అన్నాను, కొత్తగా నేర్చిన విద్య కదా. కెమెరా దగ్గరికి తెచ్చింది. గుంటలున్న మాట నిజమే, కానీ గుండ్రటి బుడగలు కావు. ఉప్పునీళ్ళు కొరికి తిన్నట్టు ఎగుడుదిగుడుగా, పైనుంచి లోపలికి తొలిచినట్టున్నాయి. గుంట తగలని చోట అక్షరాల అంచులు కత్తిరించినట్టున్నాయి, ఆవిరి యంత్రం దెబ్బ అది. చేతులు మారనే లేదు కాబట్టి అరుగుదలా లేదు. బరువు 9 గ్రాముల పైచిలుకు, ఉండాల్సినదే. అసలైనదే. అంత కథ ఉన్నా ధర లక్షల్లో లేదు, ఎందుకంటే అలాంటివి బోలెడు దొరికాయి. పాతదల్లా ఖరీదైనదనుకోవడం మన అమాయకత్వం. అరిగిన 1835 కాణీ కూడా అంతే. లక్షలాదిగా కొట్టారు, ఇప్పటికీ పదుల్లో వందల్లోనే దొరుకుతుంది.

అలాగే 1794, 1797 సంవత్సరాలు వేసి, "రూపాయికి 48" అని ఇంగ్లీషులో రాసిన కంపెనీ రాగి నాణేలు కూడా ఉన్నాయి. అవి మన ఉత్తర సర్కారులకోసం కొట్టించినవి. గుంటూరు నుంచి శ్రీకాకుళం దాకా ఎవరింట్లోనైనా పాత పెట్టెలో ఉంటే ఉండొచ్చు. ఒకసారి వెతకండి.

వెతికి దొరికితే వెంటనే ఫోన్లో అమ్మకానికి పెట్టేయకండి. మా పక్కింటి వదినగారి అనుభవం చెబుతాను. వాళ్ళింట్లో నా దానిలాంటి రాములవారి బిళ్ళే ఒకటి ఉంటే ఎక్కడో ఫొటో పెట్టింది. సాయంత్రానికి ఫోను: మీ నాణేనికి పాతిక లక్షలు ఇస్తాం, ముందు రిజిస్ట్రేషనుకి రెండు వేలు కట్టండి. కట్టింది. తర్వాత పన్నుకింద ఎనిమిది వేలు అడిగారు. అదీ కట్టింది. మూడోసారి రిజర్వు బ్యాంకు ముద్ర ఉన్న కాగితం కూడా పంపారు. అప్పుడు వాళ్ళబ్బాయి చూసి ఆపాడు. రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటన ఇచ్చింది, పాత నోట్లూ నాణేల అమ్మకాల్లో మేము లేము, మా పేరు చెప్పి ఎవరు కమీషనూ పన్నూ అడిగినా నమ్మొద్దని. కొనేవాడు మనకి డబ్బివ్వాలి గానీ, మనమే ఎదురు కట్టడమేమిటండీ?

ఇంకోటి రైస్ పుల్లింగ్. రాగి బిళ్ళో చెంబో బియ్యపు గింజల్ని తన వైపు లాక్కుంటుందనీ, దానికి కోట్లు పలుకుతాయనీ చెప్పి మన రెండు రాష్ట్రాల్లోనూ ఎంతమందిని ముంచారో పేపర్లో చూస్తూనే ఉన్నాం. గింజలకి ఇనుపరజను పట్టించి, వస్తువులో అయస్కాంతం దాచిపెడితే ఏ గిన్నె అయినా లాగుతుంది. నా 1818 బిళ్ళకి ఆ మహిమ కూడా ఉందని ఒకాయన ఫోన్ చేసి చెప్పాడు. సోనామసూరి పది గింజలు ముందు పెట్టి పావుగంట చూశాను. ఒక్కటీ కదల్లేదు. ఎసట్లో పోసేశాను.

"పొలంలో దొరికింది" అని అమ్మేవాడు గొప్పగా రాసుకున్నాడు చూశారా, అది నిజమైతే వాడికే చిక్కు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఇంకా ఉంది. భూమిలో దొరికింది పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకి చెప్పాల్సిందే. అబద్ధమైతే మనకి చిక్కు. ఇంకో సంగతి, వందేళ్ళు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు, దేశం దాటించకూడదు. అమెరికాలో ఉన్న అబ్బాయికి బహుమతిగా పార్సిల్ చేద్దామన్న ఆలోచన ఉంటే మానుకోండి.

కొనాలని మనసు లాగితే కొనండి, నేనేం వద్దనను. ముందు అసలైనవి నాలుగు కళ్ళారా చూడండి. హైదరాబాదులో సైఫాబాద్ పాత టంకశాలని 2022లో మ్యూజియం చేశారు. పబ్లిక్ గార్డెన్స్‌లో ఉన్న స్టేట్ మ్యూజియంలో శాతవాహనుల కాలం నుంచి నాణేలున్నాయి. ఒకసారి కన్ను అలవాటైతే ఆ సబ్బు అక్షరాలు ఫొటోలోనే పట్టేస్తుంది. అమ్మేవాణ్ణి అంచు ఫొటో అడగండి, తూకం మీద పెట్టి తీసిన ఫొటో అడగండి, బిల్లు అడగండి. అసలు వ్యాపారి మూడూ ఇస్తాడు. "ఒక్కటే ఉంది, త్వరపడండి" అని మాత్రమే అన్నాడనుకోండి, ఫోను బోర్లా పెట్టి పడుకోండి.

అదుగో, డికాక్షన్ ఎప్పుడో దిగింది, చల్లారిపోయింది కూడా. మళ్ళీ వేడిచేస్తాను ఉండండి.

నా పదిహేను వందల బిళ్ళ ఏమైందంటారా? రాములవారున్న బిళ్ళ, బయట ఎలా పారేస్తాను? దేవుడి గూట్లోనే ఉంది, అంచు మీద ఆకురాయి గాటుతో సహా. అమ్మమ్మ కాణీని మాత్రం పోయిన వరలక్ష్మీవ్రతం నుంచి కలశంలో వేయడం మానేశాను. చిన్న కాగితం కవరులో పెట్టి బీరువాలో దాచాను. కవరు మీద పెన్సిలుతో రాసి ఉంది: 1835, కాణీ, 6.21 గ్రాములు, తోమకూడదు.